గంపగుత్త చేర్పుల కథ

ఉన్నత పాఠశాలలో వ్యాకరణం చెప్పే రోజుల్లో సంయుక్త వాక్యానికి నేనిచ్చే ఉదాహరణ ఎప్పుడూ ఒక్కటే. "సీత బడికి వెళ్లింది. గీత బడికి వెళ్లింది." అని నల్లబల్ల మీద రాసి, దాని కింద "సీత, గీత బడికి వెళ్లారు" అని రాసేవాణ్ణి. ఒక ఏడాది వెనక బెంచీ పిల్లవాడొకడు లేచి, "విడిగా ఉంటే తప్పేమిటి మాస్టారూ?" అని అడిగాడు. తప్పేమీ లేదు నాయనా, ఊపిరి దండగ, అన్నాను. పిల్లలు నవ్వారు. పాఠం ముందుకు సాగింది.

ఆ జవాబు నాకే మళ్లీ పనికివస్తుందని అప్పుడు తెలియదు. డేటాబేసు అనే పట్టికల భాండాగారంలోకి స్క్రిప్టు ద్వారా మాటలను చేర్చవలసి వచ్చినప్పుడు, "ఈ మాటను చేర్చు, ఈ మాటను చేర్చు" అని వేలసార్లు చెప్పడం ఒక పద్ధతి. "ఈ మాటలన్నిటినీ చేర్చు" అని ఒక్కసారి చెప్పడం మరొక పద్ధతి. ఇన్సర్ట్ అనే క్రియ ఒకటే, దాని వెనుక కర్మలు వందలు. అచ్చంగా సంయుక్త వాక్యమే. నాకీ విద్య నేర్పిన మా మేనల్లుడు, "మామయ్యా, మాటలన్నీ ముందు అర్రేలో పెట్టండి" అన్నప్పుడు, పక్కన ఎవరినో "అరే" అని పిలుస్తున్నాడనుకున్నాను. ఒకే పేరు కింద వరుసగా పేర్చిన విలువల దొంతరను అర్రే అంటారని తరువాత అర్థమైంది.

ఆ దొంతరను పట్టికలోకి చేర్చడంలో నేనొక పెద్ద పొరపాటు చేశాను. ఆ సంగతి చివర చెబుతాను. ఆ పొరపాటు తరువాతనే ఈ పని పూర్వాపరాలు తెలుసుకోవాలన్న పట్టుదల కలిగింది. అలా తెలుసుకున్న చరిత్రే ఈ వ్యాసం.

కథ 1880 నాటి అమెరికా జనగణనతో మొదలవుతుంది. ఆ లెక్కలను చేతితో తేల్చేసరికి ఏడేళ్లకు పైగా పట్టింది. జనం పెరుగుతున్నారు, ఇదే తీరున సాగితే ఒక జనగణన ఫలితాలు తేలకముందే తరువాతి జనగణన వచ్చి మీద పడేటట్లుంది. ఆ కార్యాలయంలోనే పనిచేసిన హెర్మన్ హోలరిత్ అనే యువ ఇంజనీరు దీనికి విరుగుడు కనిపెట్టాడు. రైలులో కండక్టరు ప్రయాణికుడి ఆనవాళ్లను, అంటే జుట్టు రంగు, కళ్ల రంగు, ముక్కు తీరు వంటివాటిని, టికెట్టు మీద రంధ్రాలు పొడిచి గుర్తుపెట్టడం చూసి తనకీ ఆలోచన తట్టిందని ఆయనే తరువాత చెప్పుకున్నాడు. మనిషికొక అట్టముక్క. వయస్సు, లింగం, పుట్టిన చోటు, వృత్తి, ఒక్కొక్క వివరానికి ఒక్కొక్క చోట రంధ్రం. నేటి పట్టికలో ఒక అడ్డువరుస ఏ పని చేస్తున్నదో, నాడు ఆ అట్టముక్క అదే పని చేసింది.

1889లో ఆయనకు పేటెంటు వచ్చింది. 1890 జనగణనలో సుమారు 6.3 కోట్ల మంది వివరాలు అట్టల మీదికి ఎక్కాయి. యంత్రం పనిచేసే తీరు చూడముచ్చటైనది. గుమాస్తా అట్టను యంత్రంలో పెట్టి పిడిని కిందికి లాగేది. స్ప్రింగులు బిగించిన సూదులు దిగేవి. రంధ్రం ఉన్నచోట సూది అట్టను దాటి కిందనున్న పాదరసపు గిన్నెలో మునిగేది. విద్యుత్తు ప్రవహించి ఎదురుగా ఉన్న గడియారం వంటి ముల్లు ఒక్క అంకె ముందుకు జరిగేది. అట్ట సరిగా చదవబడితే గంట మోగేది. గంట మోగకపోతే ఆ అట్టలో ఏదో లోపమున్నట్లు. దాన్ని పక్కన పెట్టేవారు.

ఆ గంటను గుర్తుంచుకోమని మనవి. ఈ చరిత్రలో రెండు పాయలున్నాయి. ఎక్కువ వివరాలను తక్కువ శ్రమతో లోపలికి పంపడం ఒకటి. పంపినవి సరిగా చేరాయో లేదో చూసుకోవడం రెండవది. హోలరిత్ యంత్రంలో ఈ రెండూ కలిసే ఉన్నాయి. తరువాతి కాలంలో మొదటిది పరుగులు తీసింది, రెండవది వెనుక ఆయాసపడుతూ నడిచింది.

హోలరిత్ 1896లో స్థాపించిన సంస్థ 1911లో మరికొన్నింటితో కలిసింది. ఆ కూటమికే 1924లో ఐబీఎం అనే పేరు వచ్చింది. 1928లో ఎనభై నిలువు వరుసల కార్డు వచ్చింది. రంధ్రాలు పొడిచే యంత్రం ముందు కూర్చున్న వ్యక్తి పొరబడితే ఎలా? దానికి వెరిఫయరు అనే మరో యంత్రం ఉండేది. మొదటి వ్యక్తి పొడిచిన కార్డులనూ అసలు కాగితాలనూ రెండవ వ్యక్తికి ఇచ్చేవారు. ఆమె అదే సమాచారాన్ని మొదటినుంచీ మళ్లీ టైపు చేయాలి. ఈ యంత్రం రంధ్రం పొడవదు. ఉన్న రంధ్రంతో పోల్చి చూస్తుంది. తేడా వస్తే ఆ వరుసకు పైన అంచున గాటు పడుతుంది. అంతా సరిపోతే కార్డు కుడి అంచున గాటు పడుతుంది. కార్డుల కట్టను చేతిలో నిలబెట్టి చూస్తే, ఒప్పుల గాట్లు అన్నీ ఒకే గీతగా కనిపిస్తాయి. గాటు లేని కార్డు ఎక్కడున్నా కంటికి దొరికిపోతుంది.

ఈ సంగతి చదివినప్పుడు నాకు సి. పి. బ్రౌన్ దొర జ్ఞాపకం వచ్చాడు. కడపలో తన బంగళాలో పండితులను జీతాలిచ్చి కూర్చోబెట్టి, ఒకే కావ్యానికి దొరికినన్ని తాళపత్ర ప్రతులను సేకరించి, ఒకదానితో ఒకటి పోల్చి పాఠాలు సరిచూపించాడాయన. ఒక్క లేఖకుడి చేతిని నమ్మరాదని మన పండితులకు ఎవరూ చెప్పనక్కరలేదు. "యాదృశం పుస్తకం దృష్ట్వా" అంటూ తప్పులకు ముందే క్షమాపణ చెప్పుకున్న లేఖకుల వారసులం కదా మనం!

కార్డుల తరువాత అయస్కాంతపు టేపు వచ్చింది. అమెరికా జనగణన శాఖ 1951లో యూనివాక్ అనే కంప్యూటరును స్వీకరించింది. కార్డులలోని సమాచారం టేపు మీదికి ఎక్కడం మొదలైంది. గంపగుత్తగా చేర్చడంలోని అసలు రహస్యం ఈ టేపు దగ్గరే బయటపడింది. అందుచేత ఇక్కడ కాస్త ఆగాలి.

టేపు ఉరకదు, ఆగదు అనుకుంటాం. నిజానికి అది ఒక్కొక్క దిమ్మె చదవగానే ఆగి, మళ్లీ కదలాలి. ఆగడానికీ వేగం అందుకోవడానికీ దిమ్మెకూ దిమ్మెకూ నడుమ కొంత ఖాళీ వదలాలి. 1960లలో విరివిగా వాడిన ఒక రకం టేపు మీద అంగుళానికి 800 అక్షరాలు పట్టేవి. దిమ్మెల నడుమ ఖాళీ 0.6 అంగుళం. ఇప్పుడు లెక్క కట్టండి. ఒక కార్డులో 80 అక్షరాలు, అంటే టేపు మీద అంగుళంలో పదోవంతు. ఒక్కొక్క కార్డును ఒక్కొక్క దిమ్మెగా రాస్తే 0.1 అంగుళం సమాచారం, 0.6 అంగుళం ఖాళీ. టేపులో ఏడింట ఆరువంతులు ఉత్త దండగ! అదే పది కార్డులను కలిపి ఒక్క దిమ్మెగా రాస్తే ఒక అంగుళం సమాచారానికి 0.6 అంగుళమే ఖాళీ. వంద కలిపితే ఖాళీ లెక్కలోకే రాదు.

పల్లెలో రైతు ధాన్యాన్ని ఇంటికి చేర్చేటప్పుడు గింజ గింజకూ బండి కట్టడు. ఖర్చు గింజది కాదు, బండి కట్టడానిది. గంపగుత్త చేర్పు అన్న ప్రతిచోటా ఈ సూత్రమే పనిచేస్తున్నది. బండి మాత్రం కాలాన్నిబట్టి మారుతున్నది. నాడు టేపు మీది ఖాళీ, నేడు స్క్రిప్టుకూ డేటాబేసుకూ నడుమ రాకపోకలు.

పట్టిక అన్న భావన తెచ్చినవాడు ఎడ్గార్ కాడ్. ఇంగ్లండులో పుట్టి ఐబీఎం శాన్ హోసే ప్రయోగశాలలో పనిచేసిన గణితవేత్త. సమాచారమంతటినీ సంబంధాలుగా, అంటే వరుసల సమితులుగా, భావించవచ్చునని 1970లో ఆయన రాసిన వ్యాసం ఈ శాస్త్రానికి మూలగ్రంథం వంటిది. సమితిలో ముందువెనుకలు లేవు. ఏ వరుస ముందు చేరింది, ఏది తరువాత చేరింది అన్న ప్రసక్తి లేదు. ఈ దృష్టితో చూస్తే పట్టికలో చేర్చడమంటే ఒక సమితికి మరొక సమితిని కలపడమే. ఒక్క వరుసను చేర్చడం అందులో ఒక చిన్న సందర్భం మాత్రమే. సిద్ధాంతంలో గంపగుత్తదే సహజరీతి. ఒక్కొక్కటిగా చేర్చడం గుమాస్తా ఎదుట కూర్చుని కార్డు తరువాత కార్డు పొడిచిన అలవాటు నుంచి మిగిలిపోయిన ఆచారమని నా అభిప్రాయం.

కాడ్ సిద్ధాంతానికి భాషను కూర్చినవారు అదే ప్రయోగశాలలోని డొనాల్డ్ చాంబర్లిన్, రేమండ్ బాయిస్. 1974లో వారు ప్రకటించిన సీక్వెల్ భాషే తరువాత పేరు కుదించుకుని ఎస్‌క్యూఎల్ అయింది. 1986లో అమెరికాలో దానికి ప్రమాణం ఏర్పడింది. ఒకే ఇన్సర్ట్ వాక్యంలో పలు వరుసలు ఇచ్చే వీలు 1992 నాటి ప్రమాణంలోకి వచ్చింది. ప్రమాణంలో ఉండటం వేరు, వాడుకలోకి రావడం వేరు. పోస్ట్‌గ్రెస్ డేటాబేసులో ఆ సౌకర్యం 2006 చివర వచ్చిన 8.2 కూర్పుతో అందింది. ఎస్‌క్యూలైట్‌లో 2012 దాకా ఆగవలసి వచ్చింది. సంయుక్త వాక్యం వ్యాకరణంలో ఉన్నా, ఇరవై ఏళ్లు కొందరి నోట పలకలేదన్నమాట.

ఇక రెండవ పాయ. గంపలో వెయ్యి వరుసలున్నాయి. ఏడువందలు చేరాక కరెంటు పోయింది. అప్పుడు పట్టిక ఏ స్థితిలో ఉండాలి? ఈ ప్రశ్నను జీవితమంతా పట్టుకున్నవాడు జిమ్ గ్రే. 1981లో రాసిన ఒక ప్రసిద్ధ వ్యాసంలో ఆయన తన భావనకు మూలం ఒప్పందాల చట్టంలో ఉందన్నాడు. బేరసారాలు ఎంతసేపైనా సాగవచ్చు. సంతకం పడేదాకా ఒప్పందం లేదు, పడిన తరువాత కాదనడానికి లేదు. ఇలాగే కొన్ని పనులను ఒక కట్టగా కట్టి, చేస్తే అన్నీ, లేకుంటే ఏదీ కాదు అనే నియమం పెట్టడాన్ని ట్రాన్సాక్షను అంటారు. సంతకం పెట్టడం కమిట్. మధ్యలో చెడితే మొదటికి తీసుకుపోవడం రోల్‌బ్యాక్. ఈ కృషికి గ్రేకు 1998లో ట్యూరింగ్ పురస్కారం లభించింది. 2007 జనవరిలో ఆయన ఒంటరిగా పడవలో శాన్ ఫ్రాన్సిస్కో నుంచి సముద్రంలోకి వెళ్లి తిరిగిరాలేదు. ఎంత వెదకినా ఆనవాలు దొరకలేదు.

విచిత్రమేమిటంటే, భద్రత కోసం పుట్టిన ట్రాన్సాక్షను వేగానికీ తాళంచెవి అయింది. రిచర్డ్ హిప్ 2000 సంవత్సరంలో విడుదల చేసిన ఎస్‌క్యూలైట్ సంగతే చూడండి. సాధారణ కంప్యూటరు మీద సెకనుకు యాభైవేల వరుసలు చేర్చగలదట. కాని సెకనుకు కొన్ని పదుల ట్రాన్సాక్షన్లే చేయగలదని దాని కర్తలే చెబుతారు. సంతకం పడినప్పుడల్లా సమాచారం నిజంగా డిస్కు మీద పడిందని రూఢి చేసుకోవాలి. నిమిషానికి 7,200 సార్లు తిరిగే డిస్కు సెకనుకు 120 చుట్లు తిరుగుతుంది. ఒక్క సంతకానికి రెండు చుట్లు కావాలంటే సెకనుకు అరవై. ట్రాన్సాక్షను అని విడిగా చెప్పకపోతే ప్రతి ఇన్సర్టూ తనకు తానే ఒక ట్రాన్సాక్షను. నాలుగువేల వరుసలు ఒక్కొక్కటిగా పోతే నిమిషానికి పైన పడుతుంది. అన్నిటినీ ఒకే కట్టగా కడితే కన్నుమూసి తెరిచేలోపు అయిపోతుంది. మళ్లీ బండి, గింజ.

ఇప్పుడు నా పొరపాటు.

1990లలో చీరాల ప్రాంతంలో పనిచేస్తుండగా పిల్లల చేత వృత్తిపదాలు సేకరింపజేసేవాణ్ణి. భద్రిరాజు కృష్ణమూర్తిగారి మాండలిక వృత్తి పదకోశం, 1962లో వచ్చిన వ్యవసాయ సంపుటం, నాకు ఆదర్శం. ఇంట్లో తాతలు, నాయనమ్మలు వాడే మాటలను అడిగి, మాట, అర్థం, ఊరు, వృత్తి, చెప్పినవారు అని అయిదు గడుల కింద నోటుపుస్తకంలో రాసుకురావాలి. మగ్గం గుంటల పక్కన, పొలం గట్ల మీద పుట్టిన మాటలు. పడుగు, పేక, ఆసు, నాడె, కర్రు, కాడి, మేడి. కొన్నేళ్లలో నోటుపుస్తకాలు అలమార నిండాయి.

2009 వేసవి సెలవుల్లో వాటన్నిటినీ టైపు చేసి ఒక ఫైలులో పెట్టాను. 4,120 మాటలని ఆనాటి దినచర్యలో రాసుకున్నాను. స్క్రిప్టు ఆ ఫైలును చదివి అర్రేలో పేర్చింది. ఆ తరువాత అర్రేలోని ఒక్కొక్క వరుసకు ఒక్కొక్క ఇన్సర్టు చొప్పున పంపుతూ పోయింది. 1,386వ మాట దగ్గర ఆగిపోయింది. ఆ అర్థంలో ఎవరో అన్న మాటను ఒంటి ఉద్ధరణ చిహ్నాల మధ్య రాశాను. ఎస్‌క్యూఎల్‌లో విలువ ఎక్కడ ముగిసిందో చెప్పే గుర్తు కూడా అదే. వాక్యం మధ్యలోనే ముగిసిందని డేటాబేసు భ్రమపడింది. విలువలను వాక్యంలో అతికించకుండా, ఖాళీ స్థానాలు ఉంచి విలువలను వేరుగా అందించే పద్ధతి ఉన్నదని అప్పుడు నాకు తెలియదు. ఆ అతుకు సందులోంచి దురుద్దేశంతో ఆజ్ఞలు చొప్పించవచ్చునని 1998లోనే ఒకరు రాసి హెచ్చరించారు. నాకు దొంగ అక్కరలేకపోయింది, నా ఉద్ధరణ చిహ్నమే చాలింది.

చిహ్నాన్ని దిద్ది స్క్రిప్టును మొదటినుంచీ నడిపాను. ఈసారి చివరిదాకా పోయింది. పట్టికలో 5,505 వరుసలు! మొదటిసారి చేరిన 1,385 అక్కడే ఉండి, రెండవసారి మళ్లీ చేరాయి. అన్నిటినీ ఒకే ట్రాన్సాక్షనులో కట్టి ఉంటే మొదటి ప్రయత్నం జాడ కూడా మిగిలేది కాదు. పోనీ పట్టికను తుడిచి మళ్లీ మొదలుపెట్టినా సరిపోయేది. నేను తెలివైన పని చేశాననుకుంటూ, ఒకే మాట రెండుసార్లుంటే ఒకటి ఉంచి తక్కినవి తీసివేయమని ఆజ్ఞ ఇచ్చాను. ఇక అక్కర లేదని ఫైలును కూడా తీసివేశాను. మిగిలినవి లెక్కపెట్టలేదు.

నానార్థాలను ముప్పై ఏళ్లు బోధించినవాణ్ణి. నా చేతులతో వాటినే తుడిచాను. కండె అంటే రైతుకు జొన్నకంకి, నేతగానికి నూలు చుట్టిన గొట్టం. మేడి అంటే నాగలి పిడి, అత్తిచెట్టు కూడా. ఆజ్ఞకు మాట ఒక్కటే కనిపించింది.

2016లో పాత విద్యార్థిని ఒకామె తన కూతురితో వచ్చింది. "మాస్టారూ, మా నాయనమ్మ చెప్పిన మాటలు మీ దగ్గరుంటాయి గదా, పాపకు చూపించండి" అంది. నాయనమ్మ అప్పటికి పోయి చాలా ఏళ్లయింది. చెప్పినవారి పేరుతో వెదికితే, ఉండవలసిన ముప్పైకి పైగా మాటల్లో కొన్నే కనిపించాయి. అప్పుడు లెక్కపెట్టాను. 3,874. దినచర్యలోని అంకెకు 246 తక్కువ. ఆ అమ్మాయి ముందు ఏం చెప్పాలో తోచలేదు. కొన్ని పోయాయమ్మా, వెదుకుతాను, అన్నాను.

నోటుపుస్తకాల్లో సగానికి చెద పట్టింది. మిగిలినవాటిని పట్టుకుని, ఉన్న వరుసలతో ఒక్కొక్కటీ పోల్చుకుంటూ 211 మాటలు తిరిగి రాబట్టాను. ఈసారి టైపు చేసింది నేను. రెండోసారి చూడకుండా టైపు చేసింది మా ఆవిడ. రెండు ఫైళ్లనూ పోల్చమని స్క్రిప్టుకు అప్పగిస్తే పదిహేడు తేడాలు తేలాయి. వాటిలో తొమ్మిది నావి, ఎనిమిది ఆమెవి. ఎవరివి ఎక్కువన్న విషయం మా ఇంట్లో ఇప్పటికీ ప్రస్తావనకు వస్తూనే ఉంటుంది.

చేర్చేటప్పుడు మేనల్లుడు మరో సంగతి చెప్పాడు. ఒకే వాక్యంలో ఎన్ని వరుసలైనా కుక్కడానికి లేదు. అప్పటి ఎస్‌క్యూలైట్‌లో ఒక వాక్యానికి 999 ఖాళీ స్థానాలే హద్దు. 2020లోనే ఆ హద్దు 32,766కు పెరిగింది. వరుసకు అయిదు గడులు గనుక ఒక వాక్యంలో 199 వరుసలు పడతాయి. నా 211 మాటలు రెండు గంపలయ్యాయి. రెండిటినీ ఒకే ట్రాన్సాక్షనులో కట్టాము. సంతకానికి ముందు స్క్రిప్టు పట్టికలోని వరుసలను లెక్కపెట్టాలి. 4,085 వస్తేనే కమిట్, లేకుంటే రోల్‌బ్యాక్. అంకె సరిపోయినప్పుడు "గంట" అని తెరమీద అచ్చువేయమని నేనే రాయించాను. వాడికి ఎందుకో అర్థం కాలేదు. హోలరిత్ కథ చెప్పాను.

మిగిలిన 35లో ఆ నాయనమ్మ చెప్పిన మాట ఒకటి ఉంది. ఆ అమ్మాయి నోటుపుస్తకం ముందు పేజీలోని విషయసూచిక చెద నుంచి తప్పించుకుంది. అందులో గుండ్రని చేతిరాతతో "చిలుక, మగ్గం" అని ఉంది. అర్థం రాసిన పేజీ లేదు. పట్టికలో నిలిచిన చిలుక వడ్రంగిది, గోడకు కొట్టే కొయ్య. మగ్గంలో చిలుక అంటే ఏ భాగమో తెలుసుకుందామని చీరాల చుట్టుపక్కల ఇంకా మగ్గం నడుపుతున్న ఇద్దరు పెద్దలను అడిగాను. ఇద్దరూ రెండు వేరువేరు కొయ్యముక్కలు చూపించారు. ఆ నాయనమ్మ చూపినది ఏదో చెప్పగలవారు లేరు. ఆ వరుసను విడిగా, చేత్తో చేర్చాను. మాట, ఊరు, వృత్తి, చెప్పినవారి పేరు నింపి, అర్థం గడిని ఖాళీగా ఉంచాను.